మేకు మాత్రమే ఉన్న చోటు

రీగాలో, విదేశాంగ మంత్రి గది బయటి
పొడుగాటి నడవలో
పటాలు తగిలించడం నా పని.
పేరు టాలివాల్డిస్. మా నాన్న పడవలకి పలకలు కొట్టేవాడు,
నేను గోడలకి మేకులు.

ఇక్కడో ఆచారం.
కుర్చీలో ఉన్నన్నాళ్ళూ మంత్రికి పటం ఉండదు.
దిగిపోయిన మర్నాడు పొద్దున్నే
నేను నిచ్చెన భుజాన వేసుకొస్తాను.
అందుకే ఏ మంత్రీ నన్ను చూసి మనసారా నవ్వలేదు.

వరసలో మొదటాయన కోటు చూడండి,
మోచేతుల దగ్గర నునుపుదేలింది.
దేశం పుట్టి పట్టుమని పది నెలలు కాలేదు.
అరువు బల్ల, అరువు సిరా,
రైలు పెట్టెలో కూర్చునే నిద్ర.
గుమ్మం గుమ్మం ఎక్కి ఒకటే మాట చెప్పాడట:
"మేమూ ఉన్నాం."
అంత పెద్ద కొలువుకి అంత చిన్న మాట.
ఇప్పటికీ ఆ గదిలో జరిగే పనంతా అదే,
మిగతావన్నీ దానికి తొడిగిన చొక్కాలు.

టైపిస్టు స్కైద్రీతె చెప్పేది:
"ఆందోళన" అంటే ఒక మెట్టు,
"తీవ్ర ఆందోళన" అంటే రెండు.
ఆ "తీవ్ర" కోసం ఒకసారి
మూడు రాత్రులు దీపాలు ఆరలేదు.
ఆంబోతులు కుమ్ముకునే చోట
లేగదూడ నోరు విప్పాలంటే
విశేషణాన్ని కూడా తూకం వేయాలి మరి.

స్వాతంత్ర్యం తిరిగొచ్చిన ఏడాది
పాత పటాలు అటకల మీంచి,
బంగాళాదుంపల నేలమాళిగల్లోంచి
ఒక్కొక్కటే బయటికొచ్చాయి.
ఒకటి కోళ్ళగూటికి తలుపైంది,
మంత్రి ముఖం కోళ్ళ వైపు.
తుడిచాను. గడ్డం మీద మరక పోలేదు.
అలాగే తగిలించాను.

అప్పుడొచ్చింది పేచీ.
పాత వరసలో చివరాయనకీ
కొత్త వరసలో మొదటాయనకీ నడుమ ఎంత ఎడం?
ప్రొటోకాల్ అధికారి ఓల్గెర్ట్స్ టేపు పట్టుకుని
"అన్నిటికీ జానెడే. గోడ అందం చెడకూడదు" అన్నాడు.
జానెడులో యాభై ఏళ్ళు ఎలా పడతాయయ్యా అన్నాను.
మా అమ్మ బతుకంతా ఉంది అందులో,
రాత్రికి రాత్రి రైలెక్కించిన మేనమామ ఉన్నాడు,
మా తరగతి గది దేశపటంలో
మాది కాని రంగు ఉంది.

స్కైద్రీతె ఏమీ అనలేదు.
మర్నాడు ఒక అట్టపెట్టె తెచ్చింది.
సముద్రం అవతల, ఓ మేడ మూడో అంతస్తులో
ఒక కాన్సల్,
పంపిన దేశం లేదు, వెనక్కి పిలిచే మంత్రీ లేడు,
తెల్లారితే తాళం తీసి, జెండా దులిపి,
మ్యాపులో లేని దేశానికి
పాస్‌పోర్టులు ఇస్తూనే పోయాడట.
ఆయన పోతే ఇంకొకాయన తాళంచెవి అందుకున్నాడట.
పెట్టెలో వాళ్ళ రబ్బరు ముద్ర.
కొట్టీ కొట్టీ సింహం తోక అరిగిపోయింది.

ఓల్గెర్ట్స్ దాన్ని చాలాసేపు చేతిలో తిప్పాడు.
టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

రెండు బారలు వదిలాను.
మధ్యలో ఒకే ఒక్క మేకు.
దానికి ఏదీ తగిలించలేదు.
కొత్తగా వచ్చే రాయబారులు ఆగి అడుగుతారు:
"ఎవరి పటం పడిపోయింది?"
జవాబు చెప్పడం మంత్రి పని.
కొందరు చెప్పారు. ఒకాయన వాచీ చూసుకున్నాడు.

మొన్న చలికాలం, దౌగవ గడ్డకట్టిన రాత్రి,
సరిహద్దు అవతల ఏదో కదిలిందన్నారు.
కొత్త మంత్రి మల్వీనె, చిన్న వయసు,
ఫోను కోసం నడవలో అటూ ఇటూ తిరుగుతూ
మంచుకి తడిసిన ఉన్ని శాలువా తీసి, చూసుకోకుండా
ఆ మేకుకి తగిలించింది.

తుడిచేవాళ్ళనే తాకనివ్వను దాన్ని.
మాట నోటిదాకా వచ్చింది.
అంతలో లోపల ఫోను మోగింది. పరుగెత్తింది.
తలుపు సందులోంచి వినబడిందొకటే.
ఏ భాషో నాకు తెలీదు గానీ
మాట పొట్టిది,
మాకు పాతది.

శాలువా నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు.
గుడ్డ తెచ్చి నేల తుడిచాను.
మేకు కొంచెం వంగింది.
పొద్దున సరిచేయాలి.